తొట్లకొండ, బావికొండల చుట్టు నడక: శిథిలాన్ని ఊరితో కలిపి చదవడం

లక్ష్యం

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే తీరపు దారిలో రెండు బౌద్ధారామాలున్నాయి. వాటి చుట్టూ ఊళ్ళున్నాయి. ఈ భాగం చదివాక మీరు ఆ రెంటినీ కలిపి ఒక్క రోజులో కాలినడకన చుట్టి రాగలుగుతారు. ఒక శిథిలాన్ని విడిగా కాక దాని చుట్టూ ఉన్న నేల, నీరు, ఊరు, సముద్రంతో కలిపి ఎలా చదవాలో తెలుసుకుంటారు. మీలో చాలామంది పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టు ముగించుకొని ఈ పుస్తకం తెరిచేవారే. అందుకే ఈ నడకను ఒక ఆదివారానికి సరిపడేలా సిద్ధం చేశాను.

1. ఉపోద్ఘాతం: బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇది ముప్పై ఏళ్ళ కిందటి మాట. తొట్లకొండ తవ్వకాలు ముగిసిన కొత్తలో మా విద్యార్థులను బస్సులో నేరుగా కొండమీదికి తీసుకువెళ్ళాను. స్తూపం, చైత్యగృహం, విహారం అంటూ ఒక్కొక్కటే చూపించాను. ఐహిక జీవితాన్ని వదులుకున్న భిక్షువులు జనానికి దూరంగా ఈ కొండమీద ధ్యానం చేసుకునేవారని చెప్పాను. భోజనశాల పునాదుల దగ్గర ఒక విద్యార్థిని ఆగింది. "మేస్టారూ, ఇంతమంది కూర్చుని తిన్నారంటున్నారు. మరి బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగింది. కింద ఊళ్ళ నుంచి భిక్షగా వచ్చేవని చెప్పి ముందుకు నడిచాను. ఏ ఊళ్ళు, ఎంత దూరం, ఏ దారి అని ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. పైకీ కిందికీ బస్సులోనే తిరిగినవాడికి దారి ఎలా తెలుస్తుంది?

తరువాతి సంవత్సరాల్లో ఆ కొండల చుట్టూ చాలాసార్లు నడిచాను. కొండమీద చూసినదానికి అర్థం కొండ కింద దొరుకుతుందని నెమ్మదిగా తెలిసింది. ఆ మాటను నేలమీద చూపించడమే ఈ పాఠం పని.

కొండను చుట్టి రావడం మనకు కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు లక్షలాది మంది బయలుదేరుతారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు నడిచే ఉంటారు. బౌద్ధులకు కూడా స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని చుట్టూ నడవడమే ప్రధానమైన ఆరాధన. ఆ నడక కోసం స్తూపం చుట్టూ వదిలిన దారిని ప్రదక్షిణపథం అంటారు. మన నడక కూడా సవ్య దిశలోనే సాగుతుంది. తూర్పున మంగమారిపేటలో మొదలై, దక్షిణాన తిమ్మాపురం, పడమట బావికొండ, ఉత్తరాన కాపులుప్పాడ మీదుగా మళ్ళీ సముద్రం ఒడ్డుకు చేరుతుంది.

2. బయలుదేరే ముందు

ఇది గుర్తుపలకలు పెట్టిన కాలిబాట కాదు. తీరపు రోడ్డు, కొండమీదికి వేసిన రోడ్డు స్పష్టంగా ఉంటాయి. కొండల వెనుక ఊళ్ళను కలిపే దారులు మాత్రం మారిపోతుంటాయి. నిరుడు బండిబాట ఉన్నచోట ఈ ఏడు ప్రహరీ లేచి ఉండవచ్చు. అడిగి నడవండి. కంచె వేసిన చోటికీ, రక్షణ శాఖ బోర్డు ఉన్న చోటికీ వెళ్ళకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. తెల్లవారకముందే బయలుదేరితే పదింటికల్లా మొదటి కొండ దిగేయవచ్చు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, గట్టి చెప్పులు, ఒక నోటుపుస్తకం చాలు. ఒంటరిగా వెళ్ళవద్దు.

ఇంకొక నియమం ఉంది. దారిలో పెంకు ముక్కలు కనిపిస్తాయి. చూడండి, ఫొటో తీయండి, ఎక్కడిది అక్కడే వదిలేయండి. రక్షిత స్థలం నుంచి చిన్న పెంకు తెచ్చినా 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం నేరమే. చట్టాన్ని పక్కన పెట్టినా, చోటు మారిన పెంకు చరిత్రకారుడికి పనికిరాదు. అది ఎక్కడ దొరికిందన్నదే దాని విలువలో ముప్పాతిక వంతు.

3. తొట్లకొండ

మంగమారిపేట చేపలు పట్టేవాళ్ళ ఊరు. పొద్దున ఆరింటికి అక్కడ దిగితే ఇసుకమీద తెప్పలు, వలలు కనిపిస్తాయి. ఆ ఒడ్డునే అలల కోతకు ఏర్పడిన సహజ శిలాతోరణం ఒకటి ఉంది. దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకుందాం. రోడ్డుకు పడమటి వైపున, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్నదే తొట్లకొండ. నౌకాదళం తన స్థావరం కోసం జరిపిన గగన సర్వేలో ఈ శిథిలాలు బయటపడ్డాయి. ఆ తరువాత 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. సుమారు 120 ఎకరాల్లో పరుచుకున్న హీనయాన బౌద్ధ ఆరామం వెలుగు చూసింది. క్రీస్తుకు ముందు వెనుకల శతాబ్దాల్లో ఇది కళకళలాడింది.

పైకి చేరగానే అందరూ మహాస్తూపం వైపు నడుస్తారు. మీరు కాసేపు ఆగి ముందు నీళ్ళు ఎక్కడున్నాయో వెతకండి. బండలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. కొండకు పేరు వాటివల్లనే వచ్చింది. కొండమీద నది లేదు, ఊట లేదు. పడిన వానను నిలవ చేసుకోవడమే దారి. ఒక చిన్న లెక్క వేద్దాం. విశాఖ తీరంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల బండమీద పడిన వానంతా ఒక తొట్టిలోకి చేరితే 1,00,000 లీటర్లు. ఆవిరిగానూ, పొర్లిపోయీ సగం పోయిందనుకుందాం. 50,000 లీటర్లు మిగులుతాయి. ఒక మనిషికి తాగడానికి, వండుకోవడానికి, కాళ్ళు కడుక్కోవడానికి రోజుకు 10 లీటర్లు చాలనుకుంటే, వానలేని 270 రోజులకు 2,700 లీటర్లు కావాలి. అంటే అంత బండ 18 మందిని పోషించగలదు. ఈ అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవే. మీరు చూసిన తొట్టి పొడవు, వెడల్పు, లోతు కంటితో అంచనా వేసి మీ లెక్క మీరు వేయండి. ఒక కొండమీద ఎంతమంది ఉండగలిగారన్న ప్రశ్నకు విహారంలో గదుల సంఖ్య ఒక జవాబు, తొట్టి లోతు ఇంకొక జవాబు. రెండూ సరిపోతున్నాయా లేదా అన్నది చరిత్రకారుడు వేసుకోవలసిన ప్రశ్న.

ఇక మహాస్తూపం. అర్ధగోళాకారపు కట్టడాన్ని అండం అంటారు. దానిపైన చదరపు హర్మిక, ఆపైన ఛత్రం ఉంటాయి. తొట్లకొండలో మనిషి రూపంలో బుద్ధ విగ్రహం కోసం వెతకకండి. తొలినాటి బౌద్ధులు బుద్ధుణ్ణి పాదముద్రలతో, ధర్మచక్రంతో, స్తూపంతో సూచించారు. ఇక్కడ దొరికినవి అష్టమంగళ చిహ్నాలు చెక్కిన బుద్ధపాదాలు, రాతితో చేసిన చిన్న స్తూప నమూనాలు. ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. మీరు ఇప్పుడు చూస్తున్న స్తూపంలో పైభాగం చాలావరకు ఈ కాలపు పునరుద్ధరణే. 2019 అక్టోబరులో కురిసిన భారీ వానలకు అందులో కొంతభాగం కూలిపోయింది. పాత వరుసలు ఎక్కడిదాకా, కొత్త కట్టు ఎక్కడి నుంచి అన్నది దగ్గరగా నిలబడి గమనించండి. ఫొటో తీసుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఈ తేడా పట్టుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట వృథా కాదు.

స్తూపం చుట్టూ చైత్యగృహాలు, స్తంభాల సభామండపం, విహారాలు, భోజనశాల, సరుకు దాచుకునే భాండాగారాలు, మురుగు పోయే కాలువలు, రాళ్ళు పరిచిన నడకదారులు ఉన్నాయి. ఆ విద్యార్థిని ఆగిన చోట మీరూ ఆగండి. వినయ నియమాల ప్రకారం భిక్షువు ఉదయం ఊళ్ళోకి వెళ్ళి భిక్ష తెచ్చుకొని మధ్యాహ్నంలోగా తినాలి. మరుసటి రోజుకు దాచుకోకూడదు. మరి భాండాగారం ఎందుకు? ఒకచోట కూర్చుని తినే భోజనశాల ఎందుకు? దీన్నిబట్టి ఈ ఆరామం ఇంటింటి భిక్షమీదే కాక, కింద నుంచి మొత్తంగా వచ్చే సరుకుమీద కూడా నడిచిందని అర్థమవుతుంది. ఆషాఢ పౌర్ణమి తరువాత మూడు నెలల వర్షావాసంలో భిక్షువులు ఒకేచోట ఉండిపోవాలి. ఆ కాలంలో సరుకు పైనే ఉండక తప్పదు.

బియ్యం సంగతే కాదు. పైకప్పుకు వాడిన మట్టి పెంకులు చూడండి. ఇటుకలు చూడండి. ఇటుకకు బంకమట్టి, నీరు, కట్టెలు కావాలి. మూడూ కొండ కిందే సులువుగా దొరుకుతాయి. కాల్చి పైకి మోసినవారెవరు? సున్నం, దీపానికి నూనె, కాషాయ వస్త్రం తెచ్చినవారెవరు? శాసనాలు ఇలాంటి వారి పేర్లన్నీ చెప్పవు. అయితే కృష్ణా తీరంలోని అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడు కుటుంబంతో సహా దాతగా కనిపిస్తాడు. గృహిణులు, వర్తకులు, భిక్షుణులు కూడా దాతలే. తొట్లకొండలో దొరికిన బ్రాహ్మీ శాసనాలు 12. వాటి ఆధారంగా ఈ కొండ పాత పేరు సేనగిరి అయి ఉండవచ్చని పండితులు భావించారు.

తూర్పు అంచున నిలబడితే సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఇవాళ పోర్టులోకి వంతు కోసం లంగరు వేసిన ఓడలు కూడా కనిపించవచ్చు. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ల వెండి నాణేలు దొరికాయి. రోమన్ నాణెం కనిపించగానే రోమన్లే ఇక్కడికి వచ్చారని అనుకోకండి. నాణెం చేతులు మారుతూ వస్తుంది. తీరం వెంట సాగిన వర్తకంలో ఈ కొండకూ వాటా ఉందన్నంతవరకే ఆ సాక్ష్యం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉండటం కూడా ఆ కాలపు సముద్ర వర్తకానికి గుర్తే. వానకాలపు గాలులు మారేదాకా వర్తకుడు ఒడ్డునే ఆగాలి. అదే వానల్లో భిక్షువు కూడా ఒకచోట ఆగాలి. ఇద్దరికీ ఒకే రుతుచక్రం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: తొట్లకొండ భిక్షువులు కింది ఊళ్ళమీద ఆధారపడ్డారనడానికి కొండమీదే కనిపించే మూడు ఆనవాళ్ళు రాయండి.

4. కొండ దిగి తిమ్మాపురం వైపు: రాతికుప్పలు

కొండ దిగి తీరపు రోడ్డుమీద దక్షిణానికి, అంటే విశాఖ వైపు, తిమ్మాపురం దాకా నడవండి. రోడ్డుమీది ఈ నడక కొంత విసుగు పుట్టిస్తుంది. హోటళ్ళు, రిసార్టులు, అమ్మకానికి పెట్టిన ప్లాట్ల బోర్డులు. అయినా పడమటి కొండల వాలు మీద ఒక కన్నేసి ఉంచండి. ఇక్కడి కొండలు ఖొండలైట్ అనే రాయివి. ఎండకు, వానకు చివికి ఎర్రబారుతాయి. కెంపు రంగు గార్నెట్ గింజలు వాటిలో ఉంటాయి. ఆ గింజలే కొట్టుకుపోయి కింద ఒడ్డున ఇసుకలో చారలుగా కనిపిస్తాయి.

ఇప్పుడు చెప్పబోయే సంగతి గైడుపుస్తకాల్లో కనిపించదు. అమెరికాకు చెందిన లార్స్ ఫోగెలిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తొట్లకొండ చుట్టుపక్కల ఉపరితల సర్వే చేశాడు. తన నిర్ణయాలను 2006లో 'ఆర్కియాలజీ ఆఫ్ ఎర్లీ బుద్ధిజం' అనే పుస్తకంగా ప్రచురించాడు. ఉపరితల సర్వే అంటే పలుగు, పార లేకుండా చేసే పురావస్తు పరిశోధన. కొంతమంది దూరదూరంగా వరుసలో నిలబడి, నేలమీద చూపు ఉంచి, ఒకే వేగంతో నడుస్తారు. పెంకు, రాతివరుస, గోడ ఆనవాలు ఏది కనిపించినా చోటు రాసుకుంటారు. ఆ నడకలో కనిపించినవాటిలో రాతికుప్పలున్నాయి. చనిపోయినవారి జ్ఞాపకంగా పేర్చినవి కావచ్చని ఆయన వాటిని పరిశీలించాడు. స్తూపం కూడా మొదట ఒక అస్థికల కుప్పే కదా. కొండమీది మహాస్తూపాన్నీ, దాని చుట్టూ వాలుల్లోని పేరులేని రాతికుప్పలనూ ఒకే దృశ్యంలో పెట్టి చూడటం నన్ను ఆలోచింపజేసింది. ఆరామం జనానికి దూరమా, దగ్గరా అన్న పాత తగవుకు ఆయన జవాబు రెండూ అని. ధ్యానానికి దూరం కావాలి, బతుకుకు ఊరు కావాలి. ఆ రెంటి మధ్య బేరం ఎలా కుదిరిందో కట్టడాలూ, దారులూ, కుప్పలూ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

ఈ పుస్తకం చదివాక నేనూ ఇటు నడిచాను. ఒక వాలు దగ్గర మేకలు కాస్తున్న ముసలమ్మ కనిపించింది. అక్కడొక రాతికుప్ప ఉంటే, "మామ్మా, ఈ రాళ్ళు ఎవరు పోశారు?" అని అడిగాను. "ఎవురికి తెలుసు బాబూ. మా అత్త కాపరానికొచ్చేసరికే ఉన్నాయంట. ఆటి మీద మేకల్ని ఎక్కనీకే అనీది. పెద్దోలు పడుకున్న సోటంట" అంది. ఆమె చెప్పింది సాక్ష్యం అనలేం. ఏ కాలపు పెద్దలో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. పొలంలోంచి ఏరి పారేసిన రాళ్ళ కుప్ప కూడా అలాగే ఉంటుంది. కానీ అత్త నుంచి కోడలికి ఒక హెచ్చరిక అందింది. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోవాలి. నేను తారీఖుతో సహా రాసుకున్నాను, ఫొటో మాత్రం తీయలేదు. రెండేళ్ళకు మళ్ళీ వెళ్ళేసరికి వాలు చదునై ఉంది. పసుపు రంగు వేసిన హద్దురాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. కుప్ప లేదు. ఆ ముసలమ్మ మాట నా నోటుపుస్తకంలో ఒకటిన్నర వరుస, అంతే. ఫొటో తీసుకోకపోవడం నా తప్పే.

ఇక్కడొక ముఖ్యమైన విషయం గమనించాలి. తవ్విన కట్టడాల చుట్టూ కంచె పడుతుంది. కంచెకు అవతల ఉన్నది శిథిలంగా లెక్కకు రాదు. రక్షిత ప్రాంతం ఎంతవరకు అన్న వివాదం తొట్లకొండ విషయంలో న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఎకరాల లెక్కమీద ఎవరి వాదన వారిది. చరిత్ర విద్యార్థిగా నా అభిప్రాయం వేరే చోట మొదలవుతుంది. స్తూపాన్ని కాపాడి, దానికి బియ్యం మోసిన దారినీ, నీరు నిలిచిన పల్లాన్నీ, వాలుమీది కుప్పలనూ పోగొట్టుకుంటే మిగిలేది గూడు మాత్రమే, అందులో బతికినవారి జాడ కాదు. ఊళ్ళు లేచిపోవడం విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ళ పేర్లు నిర్వాసిత కాలనీల్లో ఇంకా వినబడుతూనే ఉన్నాయి. మీలో కొందరి తాతల ఊళ్ళు అవే అయి ఉంటాయి.

5. బావికొండ

తిమ్మాపురం నుంచి లోపలికి తిరిగితే బావికొండ. ఎత్తు దాదాపు తొట్లకొండ అంతే, సుమారు 130 మీటర్లు. 40 ఎకరాల మేర విస్తరించిన ఈ ఆరామంలో తవ్వకాలు తొట్లకొండ కంటే ముందే, 1982 నుంచి 1987 వరకు జరిగాయి. ఇక్కడి ఆరామం క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిదని అంచనా. పేరులోనే ఉంది చూడండి: అక్కడ తొట్లు, ఇక్కడ బావులు. ఇంకా ఉత్తరాన భీమిలి దగ్గరున్న పావురాలకొండమీద కూడా బండలో తొలిచిన 16 తొట్లున్నాయి. మూడు కొండలు, మూడు ఆరామాలు, మూడుచోట్లా ఒకే ప్రశ్న, నీరు. ఈ పేర్లు పెట్టింది భిక్షువులు కారు. ఆరామాలు పాడుపడి, వాటిని ఎవరు కట్టారో మరచిపోయిన తరువాత, పశువుల కాపరులు తమకు పనికొచ్చినదాన్నిబట్టి పెట్టుకున్న పేర్లు ఇవి. సేనగిరి అనే పేరు పోయింది, తొట్టి నిలిచింది.

బావికొండలో దొరికినవాటిలో అందరి చూపూ ధాతుపాత్రమీదే ఉంటుంది. మహాచైత్యం దగ్గర ఒక పాత్రలో ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుని అస్థిక అని నమ్మకం. నమ్మకాన్ని గౌరవిస్తూనే చరిత్ర విద్యార్థి రెండు వాక్యాలు విడివిడిగా రాయాలి. పాత్రలో ఎముక దొరకడం తవ్వకం చెప్పిన నిజం. అది ఎవరిదన్నది విశ్వాసం. పరీక్ష జవాబుపత్రాల్లో ఈ రెంటినీ కలిపేసిన జవాబులు నేను ఏటా దిద్దేవాణ్ణి.

తొట్లకొండకు వచ్చేవారిలో పదోవంతు కూడా బావికొండకు రారని నాకు అనిపిస్తుంది. సముద్రం కళ్ళ ముందు పరుచుకోకపోవడం ఒక కారణం కావచ్చు. నాకు మాత్రం ఇదే ఎక్కువ ఇష్టం. నిశ్శబ్దంగా కూర్చుని, తొట్లకొండ ఏ దిక్కున ఉందో గుర్తించండి. రెండు ఆరామాలు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఒకే కాలంలో ఉన్నాయి. రెంటికీ అవే ఊళ్ళా? పోటీ ఉందా, పంపకం ఉందా? ఒక ఊరి ధాన్యం ఏ కొండ ఎక్కింది? శాసనాలు నోరు మెదపని చోట దూరం, దారి, వాలు కొంత చెబుతాయి. మధ్యాహ్నం భోజనం ఇక్కడే కానివ్వండి. మీ అన్నం మూట ఎంత బరువో, కొండ ఎక్కేటప్పుడు అది భుజంమీద ఎలా లాగిందో కూడా ఒక ఆధారమే.

6. ఉప్పాడల మీదుగా తిరుగుదారి

బావికొండ దిగి, ఊరివాళ్ళను అడుగుతూ ఉత్తరం వైపు కాపులుప్పాడకు చేరుకోండి. ఆ పక్కనే తీరంలో చేపలుప్పాడ ఉంది. ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి కాపుల ఉప్పాడ, ఒకటి చేపల ఉప్పాడ. సేద్యం చేసేవాళ్ళ ఊరు లోపల, వేటకు వెళ్ళేవాళ్ళ ఊరు ఒడ్డున. ఒక పంటనూ ఒక వేటనూ వేరుచేసి చూపే ఇంత స్పష్టమైన జంట పేర్లు మన తీరంలో అరుదు. ఈ పేర్లు రెండువేల ఏళ్ళ నాటివి అనడానికి లేదు. కానీ ఈ నేల ఇచ్చేది ఏమిటో అవి చెబుతున్నాయి: పడమట గింజ, తూర్పున చేప, మధ్యలో కొండ. ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఈ దిక్కునే వెతకాలి. కాపులుప్పాడ వైపు పల్లపు నేలలో నిలబడి వెనక్కి తిరిగి చూడండి. ఒక కావడి మోసే మనిషి తెల్లవారి బయలుదేరితే భోజనవేళకు ముందే ఏ కొండమీదికైనా చేరగలడా? మీ కాళ్ళు ఇప్పటికే లెక్క చెప్పి ఉంటాయి.

ఊళ్ళ పేర్ల చివర ఉన్న మాటలను కూడా రాసుకోండి. పేట, పాలెం, వలస, పురం, పాడ. ఉత్తరాంధ్రలో 'వలస' అన్న మాట ఎక్కడి నుంచో తరలివచ్చి నిలిచిన ఊరిని సూచిస్తుంది. పేరు సూచన మాత్రమే. శాసనమో, దస్తావేజో తోడైతేనే సాక్ష్యం అవుతుంది.

కాపులుప్పాడ అంటే నేటి విశాఖవాసికి గుర్తొచ్చేది పొలాలు కావు, డంపింగు యార్డు. నగరం చెత్త అక్కడికే చేరుతుంది. గాలి అటు నుంచి వీస్తే మీకు చెప్పనక్కరలేదు. ముక్కు మూసుకుని దాటేయకండి. పురావస్తు శాస్త్రంలో చెత్తకుప్ప గొప్ప ఆధారం. భిక్షువులు పగిలిన భిక్షాపాత్రలను, వంటకుండలను పారేసిన చోటే వాళ్ళు ఏం తిన్నారో, ఎలా తిన్నారో మనకు చెబుతుంది. రెండువేల ఏళ్ళ తరువాత ఎవరైనా ఈ తీరాన్ని తవ్వితే కొండమీద పెంకులు, కొండ కింద ప్లాస్టిక్ దొరుకుతాయి. ఈ ఊరు ఒకప్పుడు కొండకు అన్నం పెట్టి ఉండవచ్చు. ఇప్పుడు నగరం ఎంగిలిని మోస్తోంది. ఇది వ్యంగ్యం కోసం అన్న మాట కాదు. నగరానికీ చుట్టుపక్కల ఊళ్ళకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎటు మారిందో గమనించండి అంటున్నాను.

ఓపిక మిగిలితే తీరపు రోడ్డుమీద ఉత్తరానికి ఎర్రమట్టి దిబ్బలు చూడవచ్చు. గాలి, అల పోగుచేసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడటం, వాన కోసిన గండ్లు: ఇది భూగర్భ శాస్త్రం పాఠం. 2025లో తిరుమల కొండలతో పాటు దిబ్బలు కూడా యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. లేకపోతే దక్షిణానికి తిరిగి మంగమారిపేట చేరండి. అక్కడ శిలాతోరణం చూసి, పొద్దున మీరు బయలుదేరిన చోట టీ తాగండి. ఇప్పుడు తొట్లకొండను కింది నుంచి చూస్తారు. పొద్దున చూసిన కొండే, కానీ దాని వెనుక ఏముందో ఇప్పుడు మీకు తెలుసు.

7. అనకాపల్లి వైపు ఉండేవారికి

అంత దూరం రాలేనివారు అనకాపల్లికి దగ్గర్లోని శంకరం గ్రామాన్ని ఎంచుకోవచ్చు. బొజ్జన్నకొండ, లింగాలకొండ పక్కపక్కనే ఉన్నాయి. బండనే స్తూపాలుగా చెక్కడం ఇక్కడి విశేషం. లింగాలకొండమీద వరుసలు వరుసలుగా ఉన్న ఆ చిన్న స్తూపాలను చూసి జనం లింగాలన్నారు. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. సంఘారామం అన్న మాటే శంకరం అయింది. ఊరు మతం మరచినా మాటను వదల్లేదు. కనుమనాడు ఇక్కడి బొజ్జ ఉన్న ఆకారాన్ని రాక్షసుడనుకుని జనం రాళ్ళు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. వారసత్వ సంరక్షకుల ప్రయత్నంతో అది ఆగింది. ఆ రాళ్ళు రువ్వినవారిని అజ్ఞానులని తీసిపారేయకండి. ఏటా ఒకరోజు ఊరంతా ఆ కొండకు వెళ్ళేది అన్నది కూడా కొండకూ ఊరికీ ఉన్న సంబంధమే. ఆ సంబంధం ఎప్పుడు, ఎలా తలకిందులైందన్నది పరిశోధించదగిన విషయం.

క్షేత్ర కృత్యం

ఇద్దరు ముగ్గురు కలిసి పై రెండు నడకల్లో ఒకటి పూర్తి చేయండి. ఒక తెల్ల కాగితంమీద మీరు నడిచిన దారిని గీయండి. కొలబద్ద అక్కర్లేదు, దిక్కులు సరిగా ఉంటే చాలు. నీరు నిలిచే చోట్లు, పల్లపు పొలాలు, ఊళ్ళ పేర్లు, కొత్తగా వేసిన లేఅవుట్లు వేరువేరు గుర్తులతో చూపండి. ఊళ్ళో వయసు పైబడిన ఒక్కరినైనా పలకరించి, కొండ గురించి చెప్పిన మాటను వారి యాసలోనే రాసుకోండి. చోటు, తారీఖు వేయండి, వారి పేరు రాయాలంటే అనుమతి అడగండి. ఫొటో తీయండి. తరువాత "ఈ ఆరామానికి బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి?" అన్న ప్రశ్నకు మూడు పుటలకు మించకుండా జవాబు రాయండి. మీరు కళ్ళతో చూసినదేదో, చదివినదేదో, ఊహించినదేదో విడివిడిగా తెలిసేలా రాయండి. అధ్యయన కేంద్రంలో సమర్పించేటప్పుడు పటాన్ని కూడా జతచేయండి. వచ్చే ఏడు అదే దారిలో నడిచే విద్యార్థులకు ఆ పటం కావాలి.